వైరస్ సోకిన తరువాత అవయవ, మూలకణ మార్పిడి ఎప్పుడు? గోదావరి డెల్టా రోగులకు తేదీల నమోదే కీలకం

రాజమహేంద్రవరం: అవయవ మార్పిడి కోసం గానీ, మూలకణ మార్పిడి కోసం గానీ ఎదురుచూస్తున్న రోగికి ఆ నిరీక్షణ కాలంలోనే వైరస్ వ్యాధి సోకితే చికిత్సను ఎంతకాలం వాయిదా వేయాలన్నది కోవిడ్-19 అనంతరం వైద్యరంగంలో విస్తృతంగా చర్చకు వచ్చిన అంశం. తొందరపడితే శస్త్రచికిత్స అనంతరం ప్రాణాపాయం సంభవించవచ్చు. అవసరానికి మించి ఆగితే అందిన అవయవం చేజారవచ్చు, లేదా అసలు వ్యాధి ముదిరి మార్పిడికే వీలు లేకుండా పోవచ్చు. ఈ రెండు ప్రమాదాలను బేరీజు వేసి వైద్యులు నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

ఉభయ గోదావరి జిల్లాల ప్రజలకు ఈ అంశం కేవలం శాస్త్ర చర్చ కాదు. డెల్టాలో ఏటా వర్షాకాలంలో డెంగీ, కామెర్లు వంటి వ్యాధులు తలెత్తుతుంటాయి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయించుకుంటున్న మూత్రపిండ రోగులు ఈ ప్రాంతమంతటా ఉన్నారు. అవయవ మార్పిడి సేవలలో అధికభాగం మాత్రం విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, హైదరాబాద్, చెన్నై వంటి నగరాలలోనే కేంద్రీకృతమై ఉన్నాయి. రోగికి జ్వరం వచ్చేది, చికిత్స జరిగేది స్వస్థలంలో. మార్పిడిపై నిర్ణయం జరిగేది దూరనగరంలో. ఈ రెండింటినీ కలిపేది రోగి చేతిలోని వైద్యపత్రాలే. అందువల్ల వైరస్ సోకిన తేదీ, పరీక్షల వివరాలు, కోలుకున్న తేదీ సక్రమంగా నమోదు కావడం చికిత్సలో భాగంగానే పరిగణించవలసి ఉంది.

నేపథ్యం

రాష్ట్రంలో కోవిడ్ కేసుల మొత్తం 23 లక్షలు దాటగా, ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా కేసుల సంఖ్యలో మొదటి స్థానంలో నిలిచిన విషయం విదితమే. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో ఆ జిల్లాలోని మైదాన ప్రాంతం కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి జిల్లాలుగాను, పశ్చిమ గోదావరి జిల్లా ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలుగాను ఏర్పడినాయి.

మహమ్మారి ప్రభావం అవయవ మార్పిడిపై దేశవ్యాప్తంగా తీవ్రంగా పడింది. 2019లో దేశంలో 12,666 మార్పిడులు జరుగగా, 2020లో ఆ సంఖ్య 7,443కు పడిపోయింది. మరణానంతర దాతల సంఖ్య 715 నుంచి 351కి, అంటే సగానికంటె తక్కువకు తగ్గింది. ఆ తరువాత పరిస్థితి మెరుగుపడి 2023లో మార్పిడుల సంఖ్య 18,378కి చేరింది. ఆనాడు వాయిదా పడిన ప్రతి మార్పిడి వెనుక మరికొన్ని నెలల డయాలసిస్, లేదా మరింత క్షీణించిన కాలేయం ఉన్నదన్నది గమనార్హం.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర స్థితిని ఎత్తివేసింది. అయినప్పటికీ మహమ్మారి కాలంలో వెలుగు చూసిన ప్రశ్న అలాగే నిలిచి ఉంది. వైరస్ సోకిన రోగికి సురక్షితమైన వ్యవధి ఏది? దీనికి అందరికీ వర్తించే ఒక్క సంఖ్య లేదని గడచిన కొన్నేళ్ల అనుభవం స్పష్టం చేసింది.

నిరీక్షణ ఎందుకు అవసరం

అవయవ మార్పిడి జరిగిన రోగి శరీరం కొత్త అవయవాన్ని పరాయిదిగా భావించి తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు ఇస్తారు. మార్పిడి జరిగిన తొలి వారాలలో ఈ మందుల మోతాదు అత్యధికంగా ఉంటుంది. శరీరంలో వైరస్ ఇంకా చురుకుగా ఉన్న సమయంలో ఈ మందులు మొదలైతే, దానిని అదుపు చేస్తున్న రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా బలహీనపడుతుంది. మామూలు వ్యక్తిలో నాలుగు రోజుల జలుబుగా ముగిసే వ్యాధి ఊపిరితిత్తులకు పాకి న్యుమోనియాగా మారే అవకాశం ఉంటుంది.

రెండవ కారణం శస్త్రచికిత్సకు సంబంధించినది. వైరస్ శరీరంలో లేకపోయినా, అది రేపిన వాపు, రక్తం గడ్డకట్టే స్వభావం, ఊపిరితిత్తుల బలహీనత కొంతకాలం కొనసాగుతాయి. 2020 అక్టోబరులో 116 దేశాలలో శస్త్రచికిత్స చేయించుకున్న 1,40,231 మంది వివరాలతో జరిగిన అధ్యయనం ఈ విషయాన్ని అంకెలతో నిరూపించింది. కోవిడ్ సోకనివారిలో శస్త్రచికిత్స అనంతరం 30 రోజులలో మరణాల రేటు 1.5 శాతం ఉండగా, వ్యాధి నిర్ధారణ జరిగిన రెండు వారాలలోపు శస్త్రచికిత్స జరిగినవారిలో 4.1 శాతంగాను, 3-4 వారాల మధ్య 3.9 శాతంగాను, 5-6 వారాల మధ్య 3.6 శాతంగాను నమోదైంది. ఏడు వారాలు దాటిన తరువాత అది తిరిగి 1.5 శాతానికి వచ్చింది. ఏడు వారాల తరువాత కూడా లక్షణాలు కొనసాగుతున్నవారిలో మాత్రం ముప్పు అధికంగానే ఉంది.

ఈ అధ్యయనం అన్ని రకాల శస్త్రచికిత్సలకు సంబంధించినది. ప్రత్యేకించి అవయవ మార్పిడికి ఉద్దేశించినది కాదు. టీకాలు అందుబాటులోకి రాకముందు, వైరస్ తొలి రూపాల కాలంలో జరిగినది కూడా. కాబట్టి ఏడు వారాలనే గడువును నేటి ప్రతి రోగికి యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. అయితే నిర్ధారణ పరీక్ష జరిగిన తేదీ నుంచే ఈ లెక్క మొదలవుతుందన్నది గుర్తించదగిన అంశం.

మూత్రపిండ మార్పిడిలో దేశీయ అనుభవం

కోవిడ్ తొలి దశలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఆర్గాన్ ట్రాన్స్‌ప్లాంటేషన్ మార్గదర్శకాలు రూపొందించింది. లక్షణాలు తగ్గిన తరువాత 28 రోజుల విరామం, ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో వైరస్ లేదని తేలడం అందులో ముఖ్యమైనవి. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా తగినంత అనుభవం లేనందున జాగ్రత్త వైపే మొగ్గు చూపడం సహజం.

అనంతరం అహ్మదాబాద్ మూత్రపిండ వ్యాధుల సంస్థ వైద్యుల నేతృత్వంలో దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి, కోవిడ్ నుంచి కోలుకున్న 75 మందికి జరిగిన మూత్రపిండ మార్పిడుల ఫలితాలను 2021లో ప్రచురించాయి. వ్యాధి నిర్ధారణకు, మార్పిడికి మధ్య వ్యవధి సగటున సుమారు రెండు నెలలు ఉంది. స్వల్ప లక్షణాలు ఉన్నవారికి తక్కువ విరామం, తీవ్రవ్యాధికి గురైనవారికి ఎక్కువ విరామం పాటించడం జరిగింది. కోవిడ్ నుంచి కోలుకున్న 31 మంది సజీవ దాతల మూత్రపిండాలతో జరిగిన మార్పిడులపై కూడా అదే సంవత్సరం మరొక నివేదిక వెలువడింది. జాగ్రత్తగా ఎంపిక చేస్తే ఇటువంటి మార్పిడులు సురక్షితమేనని ఈ రెండు అధ్యయనాలు తేల్చాయి.

నిరీక్షణకు కూడా మూల్యం ఉంది. డయాలసిస్‌పై ఉన్న రోగి ప్రతి సెషన్‌కు ఆసుపత్రికి వెళ్లవలసిందే. ఇంటిపట్టున ఉండి వైరస్ నుంచి తప్పించుకునే వీలు అతనికి లేదు. 2020లో ఐరోపా దేశాల నమోదులలో కోవిడ్ సోకిన డయాలసిస్ రోగులలో సుమారు 20 శాతం మంది మరణించినట్లు వెల్లడైంది. మార్పిడిని వాయిదా వేసినంత మాత్రాన రోగి సురక్షితంగా ఉన్నట్లు భావించరాదని ఈ అంకె తెలుపుతున్నది. ఈ కారణంగానే తరువాతి కాలంలో కేవలం రోజుల లెక్కపై కాక, వ్యాధి తీవ్రత, టీకాల స్థితి, లక్షణాల ఉపశమనం ఆధారంగా నిర్ణయాలు తీసుకునే విధానం బలపడింది.

పీసీఆర్ పరీక్షలో మరొక చిక్కు ఉంది. వైరస్ నశించిన తరువాత కూడా దాని జన్యు అవశేషాలు వారాల తరబడి పరీక్షలో కనిపించవచ్చు. అటువంటి సందర్భంలో తొలి పాజిటివ్ పరీక్ష తేదీ తెలిస్తే, ఇది పాత వ్యాధి అవశేషమా, కొత్తగా సోకినదా అన్నది వైద్యులు నిర్ధారించగలుగుతారు. ఆ తేదీ లేకపోతే సందేహంతో మార్పిడి నిలిచిపోయే పరిస్థితి ఏర్పడుతుంది.

మూలకణ మార్పిడి లెక్క వేరు

రక్త క్యాన్సర్, ఎప్లాస్టిక్ ఎనీమియా, తలసేమియా, సికిల్ సెల్ వంటి వ్యాధులలో మూలకణ మార్పిడి చేస్తారు. ఇందులో ముందుగా శక్తిమంతమైన మందులతో రోగి ఎముక మజ్జను పూర్తిగా గానీ, చాలావరకు గానీ తొలగిస్తారు. కొత్త మూలకణాలు నాటుకుని తెల్లరక్తకణాలు పెరిగేందుకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వైరస్‌లతో పోరాడే లింఫోసైట్లు కోలుకోవడానికి నెలలు, కొందరిలో సంవత్సరానికి పైగా పడుతుంది. ఈ కాలంలో శరీరంలో మిగిలి ఉన్న ఏ వైరస్‌కైనా ఎదురు ఉండదు. కోవిడ్ మాత్రమే కాక, ఇన్‌ఫ్లుయెంజా, ఆర్‌ఎస్‌వీ వంటి శ్వాసకోశ వైరస్‌లు మార్పిడికి ముందు కనిపించినా, సాధ్యమైతే వాయిదా వేయాలని నిపుణులు సూచించడానికి కారణం ఇదే.

2020లో ఐరోపా ఎముక మజ్జ మార్పిడి నిపుణులు ఇచ్చిన సూచనలు ఈ విషయంలో మార్గదర్శకంగా నిలిచాయి. అసలు వ్యాధి ముదిరే ప్రమాదం తక్కువగా ఉన్న రోగికి మూడు నెలల వాయిదా. తిరగబెట్టే ప్రమాదం అధికంగా ఉన్న రక్త క్యాన్సర్ రోగికి లక్షణాలు తగ్గి, పరీక్షలలో వైరస్ లేదని తేలేంతవరకు, కనీసం 14 రోజుల వాయిదా అని వారు వేర్వేరుగా నిర్దేశించారు. ఒకే వైరస్, ఒకే చికిత్స అయినప్పటికీ వ్యవధి రెండు వారాల నుంచి మూడు నెలల వరకు మారడానికి కారణం వైరస్ కాదు. రోగి అసలు వ్యాధి ఎంతకాలం ఆగగలదన్నదే.

గోదావరి ఎగువన రంపచోడవరం, చింతూరు ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ వ్యాధి కనిపిస్తుంది. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించే లక్ష్యంతో 2023 జూలై 1న జాతీయ మిషన్ ప్రారంభమైంది. 40 సంవత్సరాలలోపు వయసు గల 7 కోట్ల మందికి పరీక్షలు జరపడం దీని ఉద్దేశం. పరీక్షలు విస్తృతమైన కొద్దీ మూలకణ మార్పిడికి అర్హులైన చిన్నారులను గుర్తించే అవకాశం పెరుగుతుంది. ఇటువంటి చిన్నారికి మార్పిడి ముందస్తు ప్రణాళికతో జరిగేది కనుక, వైరస్ జ్వరం వస్తే పూర్తిగా కోలుకునేవరకు ఆగడమే మేలు. పార్వోవైరస్ బి19 సోకిన సికిల్ సెల్ రోగులలో రక్తకణాల ఉత్పత్తి తాత్కాలికంగా నిలిచిపోయి, సాధారణంగా ఒకటి రెండు వారాలలో తిరిగి మొదలవుతుంది. కారణం నమోదు కాకపోతే ఆ తాత్కాలిక క్షీణతను అసలు వ్యాధి ముదిరినట్లుగా పొరబడే అవకాశం ఉంది.

మూలకణ మార్పిడి చరిత్రలో పశ్చిమ గోదావరికి ఒక విశిష్ట స్థానం ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సాగించిన పరిశోధనల ఫలితంగా ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే మందులు వెలువడ్డాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను, దాత కణాలు రోగి శరీరంపై దాడి చేయకుండా నివారించేందుకు సైక్లోస్పోరిన్‌తో కలిపి వాడే పద్ధతి 1986లో ప్రచురితమై నేటికీ ఆచరణలో ఉంది. మార్పిడి జరిగిన 1, 3, 6, 11వ రోజులలో ఈ మందును ఇస్తారు. ప్రాణం నిలిపే ఈ మందే కొత్త మజ్జ కోలుకోవడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. శరీరంలో వైరస్ లేని స్థితిలో మార్పిడి మొదలుపెట్టడం ఎంత అవసరమో దీనినిబట్టి అవగతమవుతుంది.

దాతల విషయంలో జాగ్రత్తలు

సజీవ దాత విషయంలో వ్యవధి పాటించడం సులభం. దాత కోలుకునే వరకు శస్త్రచికిత్సను వాయిదా వేయవచ్చు. మరణానంతర దాత విషయంలో ఆ వెసులుబాటు లేదు. దేహం నుంచి తీసిన తరువాత గుండె సుమారు 4 గంటలు, ఊపిరితిత్తులు సుమారు 6 గంటలు, కాలేయం సుమారు 12 గంటలు, మూత్రపిండాలు సుమారు ఒక రోజు మాత్రమే మార్పిడికి యోగ్యంగా ఉంటాయి. ఈ స్వల్ప వ్యవధిలోనే దాతకు వైరస్ వ్యాధి ఉన్నదా, ఉంటే అది ఏ అవయవానికి అడ్డు అన్నది తేలవలసి ఉంటుంది.

అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో 2020లో ముక్కు నుంచి తీసిన నమూనాలో కోవిడ్ లేదని తేలిన దాత ఊపిరితిత్తులను అమర్చగా, గ్రహీతకు వ్యాధి సంక్రమించి 61 రోజుల తరువాత మరణం సంభవించింది. శస్త్రచికిత్సలో పాల్గొన్న వైద్యునికి కూడా వ్యాధి సోకింది. దాత ఊపిరితిత్తుల లోపలి నమూనాను తరువాత పరీక్షించగా వైరస్ బయటపడింది. అనంతరం ఊపిరితిత్తుల దాతలకు శ్వాసకోశపు లోపలి నమూనా పరీక్షను అమెరికాలో తప్పనిసరి చేశారు. మూత్రపిండం, కాలేయం వంటి ఇతర అవయవాల ద్వారా కోవిడ్ సంక్రమించే అవకాశం చాలా తక్కువని అనుభవం తెలుపుతున్నందున, స్వల్పంగా వ్యాధి సోకిన దాతల నుంచి వాటిని స్వీకరించే విధానం పలు దేశాలలో అమలులోకి వచ్చింది.

మెదడువాపు విషయంలో మాత్రం నిబంధన కఠినమైనది. 2004లో అమెరికాలోని టెక్సాస్‌లో గుర్తించని రేబిస్‌తో మరణించిన ఒకే దాత నుంచి అవయవాలు, రక్తనాళం స్వీకరించిన నలుగురూ మృతిచెందారు. కారణం తెలియని మెదడువాపుతో మరణించినవారి అవయవాలను స్వీకరించరాదన్న సూత్రం ఇటువంటి అనుభవాల నుంచి బలపడింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది చిన్నారులకు మెదడువాపు సోకి 183 మంది మరణించగా, చండీపురా వైరస్ కారణమని తరువాత తేలింది. జ్వరంతో మొదలై మెదడుపై ప్రభావం చూపిన ప్రతి కేసులోనూ తొలి లక్షణం కనిపించిన తేదీ, కుక్కకాటు వంటి పూర్వవృత్తాంతం నమోదు చేయడం ఎంత అవసరమో ఈ ఉదంతాలు తెలుపుతున్నాయి.

హెపటైటిస్ బి, సి

అన్ని వైరస్‌లకూ నిరీక్షణే పరిష్కారం కాదు. హెపటైటిస్ బి దీర్ఘకాలికంగా ఉన్న రోగి శరీరం నుంచి ఆ వైరస్ పూర్తిగా తొలగిపోయే వరకు ఆగితే మార్పిడి ఎన్నటికీ జరగకపోవచ్చు. ఎంటకవిర్, టెనోఫోవిర్ వంటి మందులతో వైరస్‌ను అదుపులో ఉంచి మార్పిడి చేసి, ఆ తరువాత కూడా మందు కొనసాగిస్తారు.

హెపటైటిస్ సి విషయంలో ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. సాధారణంగా 12 వారాల మందులతో ఇది నయమవుతుంది. నయమైనట్లు నిర్ధారించడానికి మరో 12 వారాలు పడుతుంది. సజీవ దాత సిద్ధంగా ఉండి ఈ 24 వారాలు ఆగగలిగిన రోగికి ముందుగా చికిత్స పూర్తిచేయవచ్చు. ఆగలేని రోగికి మార్పిడి జరిపి తరువాత చికిత్స చేయవచ్చు. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితంగా లభిస్తున్నందున, డయాలసిస్ రోగికి పాజిటివ్ అని తేలిన నాడే చికిత్సా కాలక్రమంపై మార్పిడి వైద్యులను సంప్రదించడం అవసరం.

సైటోమెగలో వైరస్ మూడవ తరహాకు చెందినది. దేశంలో వయోజనులలో అత్యధికులకు ఇది బాల్యంలోనే సోకి, శరీరంలో నిద్రాణంగా ఉంటుంది. దీనికోసం మార్పిడిని వాయిదా వేయడం అర్థరహితం. మార్పిడి అనంతరం, ముఖ్యంగా తొలి 100 రోజులలో, క్రమం తప్పని రక్తపరీక్షలు, నివారక మందులే మార్గం.

వర్షాకాలం, డెంగీ

డెంగీలో వైరస్ రక్తంలో ఉండేది సాధారణంగా ఒక వారం. ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్తనాళాల నుంచి ద్రవం కారడం వల్ల ఆ సమయంలో శస్త్రచికిత్స అత్యంత ప్రమాదకరం. జ్వరం పూర్తిగా తగ్గి, ప్లేట్‌లెట్లు సాధారణ స్థాయికి చేరి, రోగి కోలుకున్నట్లు పరీక్షలు నిర్ధారించిన తరువాతే సజీవ దాతకైనా, గ్రహీతకైనా మార్పిడి తలపెట్టాలి. రక్తదానానికి దేశంలో అమలులో ఉన్న నిబంధన ప్రకారం డెంగీ నుంచి కోలుకున్న వ్యక్తి 6 నెలల వరకు రక్తం ఇవ్వరాదు. రక్తదాత ఒకరు కాకపోతే మరొకరు లభిస్తారు కనుక అంత దీర్ఘమైన గడువు విధించడం సాధ్యమైంది. ఒక్కరే సరిపోయే దాత ఉన్న మార్పిడిలో అదే గడువు పాటించడం అన్నివేళలా సాధ్యం కాదు.

జూలై నుంచి నవంబరు వరకు డెల్టాలో జ్వరాల కాలం. గోదావరి వరదల కాలం కూడా ఇందులోనే ఉంది. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజి వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. ముందస్తు ప్రణాళికతో జరిగే సజీవ దాత మార్పిడులకు, మూలకణ మార్పిడులకు తేదీలు నిర్ణయించేటప్పుడు, రోగి వైద్యపరంగా ఆగగలిగితే, ఈ కాలాన్ని పరిగణనలోకి తీసుకోవడం ఉపయోగకరం.

వైరసే అవయవాన్ని దెబ్బతీసినప్పుడు

హెపటైటిస్ ఎ, బి, ఇ వైరస్‌లు కొద్దిమందిలో కాలేయాన్ని రోజుల వ్యవధిలోనే పూర్తిగా దెబ్బతీస్తాయి. అటువంటి స్థితిలో వైరస్ తొలగేవరకు ఆగడమంటే రోగిని కోల్పోవడమే. కామెర్లు కనిపించిన నాటి నుంచి మెదడు మందగించే వరకు ఎన్ని రోజులు గడిచాయన్నది కాలేయ మార్పిడి అవసరాన్ని నిర్ణయించే ప్రమాణాలలో ఒకటి. ఇక్కడ కూడా కళ్లు పచ్చబడిన తేదీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమోదై ఉండడం కీలకం.

కోవిడ్ కాలంలో ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతిన్నవారికి మార్పిడి చేసే ముందు, అవి తమంతట కోలుకునే అవకాశం ఉన్నదా అని తెలుసుకోవడానికి కనీసం 4 నుంచి 6 వారాలు వేచి చూడడం ఆనవాయితీ అయింది. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ కిమ్స్ ఆసుపత్రిలో సార్కాయిడోసిస్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిని, కోవిడ్ కూడా సోకిన ఒక రోగికి కోల్‌కతా నుంచి విమానంలో తెచ్చిన రెండు ఊపిరితిత్తులను అమర్చడం జరిగింది. వైరస్ సోకినంత మాత్రాన మార్పిడి అవకాశం శాశ్వతంగా పోదని తెలుగు ప్రాంతంలో వెల్లడైన తొలి ఉదంతాలలో ఇది ఒకటి.

డెల్టాలో చేయవలసినది

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఆచరణలోకి వచ్చిన జీవన్‌దాన్ కార్యక్రమం, విభజన అనంతరం 2015 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో విడిగా అమలవుతున్నది. జీవన్మృతుల అవయవాలను జాబితా క్రమంలో కేటాయించడం దీని బాధ్యత. 2023లో కేంద్రం చేసిన మార్పుల మేరకు స్వరాష్ట్ర నివాసంతో నిమిత్తం లేకుండా ఏ రాష్ట్రంలోనైనా రోగి పేరు నమోదు చేసుకోవచ్చు. 65 సంవత్సరాల వయోపరిమితి, నమోదు రుసుము కూడా తొలగినాయి.

అవయవం లభ్యమైనట్లు రోగికి కబురు అందేది ఏ అర్ధరాత్రయినా కావచ్చు. రాజమహేంద్రవరం నుంచి విశాఖపట్నం సుమారు 190 కిలోమీటర్లు, విజయవాడ సుమారు 160 కిలోమీటర్లు. అమలాపురం, నరసాపురం వైపు గ్రామాలవారికి జాతీయ రహదారిని చేరడానికే మరికొంత సమయం పడుతుంది. ఆ సమయంలో గత రెండు నెలలలో జ్వరం వచ్చిందా, అది ఏ వైరస్, ఎప్పుడు తగ్గింది అన్న ప్రశ్నలకు రోగి వద్ద రాతపూర్వక సమాధానం లేకపోతే, వైద్యులు మళ్లీ పరీక్షలు చేసి ఫలితాల కోసం ఆగవలసి వస్తుంది. అంతవరకు ఆగే వీలు లేని అవయవం జాబితాలోని తరువాతి రోగికి వెళుతుంది. అది న్యాయమే అయినా, ఒక తేదీ నమోదు కాని కారణంగా అవకాశం కోల్పోయిన రోగికి మరొక కబురు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

దీని నివారణకు పెద్ద వ్యయం అవసరం లేదు. మార్పిడి జాబితాలో ఉన్న ప్రతి రోగి పుస్తకంలో అయిదు అంశాలు నమోదు కావాలి: లక్షణాలు మొదలైన తేదీ, పరీక్ష పేరు మరియు ఫలితం వచ్చిన తేదీ, ఆక్సిజన్ లేదా ఆసుపత్రి చికిత్స అవసరమైనదీ లేనిదీ, లక్షణాలు పూర్తిగా తగ్గిన తేదీ, తీసుకున్న టీకాలు. కేవలం ‘వైరల్ జ్వరం’ అని రాసి పంపిన చీటీ మార్పిడి వైద్యునికి ఉపయోగపడదు. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద జారీ అయ్యే ఆభా సంఖ్యకు ఈ వివరాలను అనుసంధానిస్తే, కాగితం ఇంటి వద్ద మరచినా సమాచారం అందుబాటులో ఉంటుంది.

ఉభయ గోదావరి జిల్లాలు 2007 డిసెంబరు 5న రాజీవ్ ఆరోగ్యశ్రీ రెండవ దశలో చేరినప్పటి నుంచి పేద రోగులకు పెద్దాసుపత్రుల చికిత్స చేరువైంది. 2023 సెప్టెంబరులో రాజమహేంద్రవరం, ఏలూరులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభం కావడంతో, 1958 నుంచి సేవలందిస్తున్న కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు తోడుగా స్థానిక వైద్య వ్యవస్థ విస్తరించింది. మార్పిడి శస్త్రచికిత్స వేరొక నగరంలో జరిగినా, దానికి ముందు, తరువాత రోగి ఆరోగ్య పర్యవేక్షణ అత్యధికంగా జరిగేది ఈ స్థానిక ఆసుపత్రులలో, డయాలసిస్ కేంద్రాలలోనే.

టీకాల విషయంలో కూడా కాలక్రమం ముఖ్యం. డయాలసిస్ రోగికి హెపటైటిస్ బి టీకాను 40 మైక్రోగ్రాముల చొప్పున 0, 1, 2, 6 నెలలలో నాలుగు మోతాదులుగా ఇస్తారు. తట్టు వంటి సజీవ వైరస్ టీకాలు అవయవ మార్పిడికి కనీసం 4 వారాల ముందే పూర్తి కావాలి. మార్పిడి అనంతరం సాధారణంగా వాటిని ఇవ్వరు. మూలకణ మార్పిడి జరిగినవారికి తట్టు టీకా ఇవ్వడానికి కనీసం 24 నెలలు ఆగుతారు. అందువల్ల టీకాల ప్రణాళిక డయాలసిస్ ప్రారంభం నుంచే మొదలు కావలసి ఉంది.

పత్రికలు, ప్రసార మాధ్యమాలు ఈ అంశంపై వార్తలు వెలువరించే సందర్భంలో 28 రోజులు, ఏడు వారాలు, మూడు నెలలు వంటి అంకెలు ఏ వైరస్‌కు, ఏ రోగికి, ఏ సంవత్సరపు అనుభవానికి చెందినవో పేర్కొనడం ఎంతైనా అవసరం. సందర్భం విడిచిన అంకె ఒక రోగిని అనవసరంగా భయపెట్టవచ్చు, మరొకరిని అనుచితంగా తొందరపెట్టవచ్చు. వ్యవధిని నిర్ణయించే బాధ్యత మార్పిడి వైద్య బృందానిదే. ఆ నిర్ణయానికి ఆధారమైన తేదీలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి డయాలసిస్ కేంద్రం వరకు ప్రతి స్థాయిలోనూ తప్పక నమోదు చేయించే బాధ్యత జిల్లా ఆరోగ్య యంత్రాంగానిది.